పడ్డది ఎంసీబీ, నింద మా మీద

పోస్టు కొంచెం పొడుగుంటది, ఓపికతో చదవండి.

సిద్దిపేటలో మేముండే హాస్టల్ కిరాయి బిల్డింగు. కింద షాపులు, పైన మేము. నెల రోజుల సంది పొద్దుపొద్దున వంటింటి ఎంసీబీ పడిపోతుండె. పిండి రుబ్బుడు ఆగుతది, టిఫిన్ లేటయితది, సగం మంది ఖాళీ కడుపుతో కాలేజీకి. దీనికి పెద్దసార్లు చెప్పిన కారణం ఏందంటే, "తండాల పోరగాండ్లు రూములల్ల హీటర్ రాడ్లు పెడుతున్నరు, వీళ్లకు కరెంటు వాడుడు తెల్వది."

ఒకటి ఒప్పుకుంటా. మా ఫ్లోర్‌ల రెండు రాడ్లున్నయి, అది తప్పే. కానీ రూముల లైను వేరు, వంటింటి లైను వేరు. రూముల ఎంసీబీ ఒక్కసారి కూడా పడలే. బోర్డు ముందు ఒక్క నిమిషం నిలబడితే తెలిసే సంగతి ఇది. వాళ్లు బోర్డు దిక్కు చూడలే, మా దిక్కు చూసిన్రు.

మా ఇంట్ల కాలేజీకి వచ్చినోన్ని నేనే మొదలు. చదివేది బీకాం, ఎలక్ట్రికల్ కాదు. అందుకే నాకు చేతనైన పని చేసిన: వారం రోజులు పాత నోటుబుక్కుల లెక్క రాసిన. ఏమేం నడుస్తుంటే పడ్డది, ఎంతసేపటికి పడ్డది. స్విచ్చు వేయంగనే పడితే షార్టు అనుకోవచ్చు. మాది అట్ల కాదు. గీజరు, బోరు మోటరు, గ్రైండరు మూడూ కలిసి నడిస్తే పావుగంటకు పడుతుంది. ఒక్కొక్కటే నడిపితే పడదు. అంటే ఓవర్‌లోడు.

ఇగ లెక్క చూడండి. 16 ఆంపియర్లు, 230 వోల్టులు, గుణిస్తే 3680 వాట్లు. గీజరు మీద రాసున్నది 3000. మోటరు ఒక హార్స్‌పవర్, 746 వాట్లు. అది చేసే పని లెక్క, లాగేది ఇంకా ఎక్కువే. గ్రైండరును కలపకముందే గీత దాటింది. ఎంసీబీ లోపల రెండు లోహాల పట్టీ వేడెక్కి, వంగి, లైను కట్ చేస్తది. పావుగంట పట్టేది అందుకే. అది తన డ్యూటీ తను చేసింది, పాపం.

నోటుబుక్కు తీసుకపోయి చూపిస్తే తెరవను కూడా తెరవలే. ఎవర్నో పిలిచి 16 తీసి 32 పెట్టించిన్రు. "ఇగ పడదు, పోండి" అన్నరు. నిజమే, పడుతలేదు. నా భయమే అది. ఎంసీబీ ఉన్నది గోడలో తీగను కాపాడనీకి. తీగ మాత్రం అదే పాత 2.5 ఎంఎం. 32 ఆంపియర్లకు మామూలుగా వేసేది 6 ఎంఎం. రేపు ఇంకో పెద్ద కుక్కర్ తగిలించినా ఆపే దిక్కు లేదు. గోడ లోపల తీగ కాలుతుంటే బయట మనకు కనపడదు. అదే గదిలో గ్యాస్ సిలిండర్లు, పైన పండుకునేది మేము. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌ల ఒక్క ఇంట్ల మంటలకు 17 మంది పోయిన్రు. అప్పుడూ మొదట వినపడ్డ మాట షార్ట్ సర్క్యూటే.

ఇంకొకటి. వంట చేసే అక్కకు తడి చేతులతో గ్రైండరు ముట్టుకుంటే జిల్లుమంటదట. దాన్ని ఏ ఎంసీబీ ఆపదు, 16 అయినా 32 అయినా. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలె, ఎర్తింగ్ సరిగ్గ ఉండాలె. మా బోర్డుల ఆర్‌సీసీబీ లేనే లేదు. ఆమెను అడిగినోడు ఎవ్వడు?

2024లో కాలేజీ హాస్టళ్ల మెస్ చార్జీ నెలకు 1500 నుంచి 2100 అయ్యింది. మంచిదే, కొట్లాడితేనే వచ్చింది. కానీ ఆ అన్నం వండే గదికి సరైన తీగ అడిగితే మేం తెల్వనోళ్లం అయితమా?

మేం అడిగేది ఇంతే: గీజరుకు, మోటరుకు వేరే వేరే లైన్లు గుంజాలె, ఆర్‌సీసీబీ పెట్టాలె, అప్పటిదాంక 16 మళ్ల పెట్టాలె. రుబ్బేటప్పుడు మోటరు బంద్ పెట్టుకుంటం, చన్నీళ్లతోనే స్నానం చేస్తం. మాకేం కొత్త కాదు.

మీ హాస్టళ్లల్ల కూడా బోర్డు విప్పకుండ, బయటి నుంచే చూడండి. ఎంసీబీ మీద సీ16, సీ32 అని రాసుంటది. వంటింటిది ఈ మధ్య మార్చిన్రా, మారిస్తే తీగ కూడా మార్చిన్రా అడిగి కామెంట్ల రాయండి. సోమవారం కలెక్టరేట్‌ల ప్రజావాణికి దరఖాస్తు పట్టుకొని పోతున్నం. నోటుబుక్కు జిరాక్స్ కూడా పెడుతున్న. సిద్దిపేట దగ్గర ఉన్నోళ్లు పది గంటలకు గేటు కాడికి రండి.