ఆ నారింజ నీళ్లు ఎక్కడికి పోతాయి?

చేతులతో చేసే పని మన తరానికి రాదని పెద్దలంటే మనకు కోపమొస్తుంది. కాని కాలేజీ డే బ్యానరు మొదలు టీషర్టు దాకా అన్నీ షాపుకే అప్పగిస్తున్నామా లేదా? ఆ రోషంతోనే నేను నాంపల్లిలోని నా అద్దె గదిలో స్క్రీన్ ప్రింటింగ్ మొదలుపెట్టాను. ఇది మంచి హాబీ, విద్యార్థులందరూ నేర్వదగినది. అయితే ఒక షరతు.

పని సులువే. చెక్క ఫ్రేముకు నైలాన్ జాలీని డప్పు తోలులా బిగించాలి. గుడ్డ మీద అచ్చుకైతే సెంటీమీటరుకు 43 పోగుల జాలీ చాలు. బొమ్మ పడకూడని చోట కన్నాలు మూసి, పైన సిరా పోసి రబ్బరు పట్టీతో లాగితే తెరిచిన కన్నాల్లోంచి కిందికి దిగుతుంది. 1907లో మాంచెస్టర్‌లో శామ్యూల్ సైమన్ పట్టుగుడ్డతో చేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. కన్నాలు మూయడంలోనే ఉంది విద్యంతా.

అందుకోసం అబిడ్స్ వెనక సందులో ఒక షాపాయన జిగురుతోపాటు నారింజరంగు పొడి కాగితంలో పొట్లం కట్టిచ్చాడు. "కలిపి చీకట్లో ఆరబెట్టు, ఎండకు చూపి కడుగు" అన్నాడు, అంతే. అది అమ్మోనియం డైక్రోమేట్. ఇనుము టైట్రేషన్‌లో మనం వాడే పొటాషియం డైక్రోమేట్‌కు తమ్ముడన్నమాట! డైక్రోమేట్ మీద వెలుగు పనిచేస్తుందని 1839లోనే మంగో పాంటన్ అనే స్కాట్లండ్ ఆయన కనుక్కున్నాడు. వెలుగు తగిలిన చోట ఆరు వేలెన్సీ క్రోమియం మూడుకు దిగి జిగురును గట్టిపరుస్తుంది. తగలని చోట జిగురు కరిగి కొట్టుకుపోతుంది. అంటే గట్టిపడ్డది తెర మీద మిగిలిపోతే, కాన్సర్ తెచ్చే ఆరు వేలెన్సీది బాత్‌రూమ్ తూములోకి పోతుంది. పుస్తకంలో చదివిన నాకే ఆ సంగతి తట్టలేదు.

బియ్యం మూట దించిపోదామని వచ్చిన మా నాయిన ఆ నీళ్లు చూసి, "గివి యాడికి పోతయ్ బిడ్డా?" అన్నడు. నాకు నోరు రాలేదు. మురుగు చేరేది మూసీకే. దారిలో అంబర్‌పేటలో శుద్ధి కేంద్రం ఉన్నది నిజమే గాని అది సూక్ష్మజీవులతో మురికిని తినిపించేది, క్రోమియం కోసం కట్టింది కాదు. మూసీ నుంచి పిల్లాయిపల్లి కాలువ. ఆ కాలువ కిందే మా రెండెకరాల వరి! ఆయన తెచ్చిన మూట ఆ పొలానిదే.

నేను పోసింది ఒకటి రెండు గ్రాములు, ఫ్యాక్టరీల ముందు అదెంత అని వాదించవచ్చు. నేనూ రాత్రంతా అట్లనే వాదించుకున్న. కాని ఫ్యాక్టరీని తిట్టే నోటితో ఆ మాట చెప్పడం కష్టం.

కనుక మొదలుపెట్టే మిత్రులు కాగితం స్టెన్సిల్‌తో మొదలుపెట్టండి. బ్లేడుతో కోసి తెర కింద పెడితే సరి, కెమిస్ట్రీ అక్కర్లేదు. చేయి తిరిగాక డయజో ఎమల్షనో, కలిపి అమ్మే ఫోటోపాలిమరో కొనండి. ధర ఎక్కువే, నలుగురు కలిసి కొంటే భారం కాదు. సిరా నీళ్లతో కలిసేదే వాడండి, మిగిలింది అట్టముక్కతో గీకి డబ్బాలోకి ఎత్తండి, కడిగెయ్యకండి.

నా పొట్లంలో సగం పొడి ఇంకా అలమరలోనే ఉంది. చెత్తబుట్టలో వెయ్యలేను, తూములో పొయ్యలేను. మా కెమిస్ట్రీ సారునడిగితే ల్యాబుకు తెమ్మన్నారు. సోమవారం పట్టుకెళ్లాలి.