గడ్డను దాచవద్దు



మన సంఘాలలో ఎవరికైనా జ్వరం వస్తే ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవి అందుతుంది. రొమ్ములో గడ్డ తగిలితే మాత్రం ఆ సహోదరి ఎవరికీ చెప్పదు. భర్తకు చెప్పాలంటే సిగ్గు, కోడలికి చెప్పాలంటే బిడియం, డాక్టరు ఏమంటాడోనని భయం. “ప్రార్థన చేసుకుంటున్నాను, తగ్గిపోతుందిలే” అంటూ నెలలు గడిపేవారున్నారు. ఆ మాటలో విశ్వాసమెంతో, భయమెంతో దేవునికే తెలుసు. ఆసుపత్రిలో గడ్డను ఎలా పరిశీలిస్తారో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. అందుకే ఈ నెల ఆ సంగతి చూద్దాము.

ఇంగ్లాండులో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు ఉండేవాడు. పొలాల మధ్య పెరిగాడు. విశ్వవిద్యాలయ పట్టా లేదు, డిప్లొమా మాత్రమే ఉంది. ఆ రోజుల్లో తలకు ఎక్స్‌రే తీస్తే పుర్రె ఎముక కనిపించేది గాని, లోపలి మెత్తని మెదడు విడిగా కనిపించేది కాదు. ఆయన ఎక్స్‌రేను తల చుట్టూ అనేక కోణాలనుండి పంపి, ఆ కొలతలన్నీ కంప్యూటరుతో లెక్కకట్టించాడు. 1971 అక్టోబరు 1న లండనులోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, మెదడులో గడ్డ ఉందేమోనని అనుమానమున్న ఒక స్త్రీకి మొదటి సి.టి. స్కాన్ తీశారు. తల తెరవకుండానే గడ్డ కనిపించింది. ఈ పనికి 1979లో అలన్ కార్మాక్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ మొదటి యంత్రం ఇచ్చిన బొమ్మలో అడ్డంగా 80, నిలువుగా 80, మొత్తం 6,400 గళ్ళు ఉండేవి. ప్రతి గడికీ ఒక సంఖ్య. నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకు సున్నా కంటే తక్కువ, గట్టి ఎముకకు వందల్లో, ఇంకా పైన. మన కంటికి నలుపు తెలుపుల బొమ్మగా కనిపించేది కంప్యూటరుకు సంఖ్యల పట్టిక. అందుకే అది గడ్డను కొలవగలదు. ఎంత పెద్దది? గుండ్రంగా ఉందా, వంకరగా ఉందా? అంచు నున్నగా ఉందా, ముళ్ళలా పొడుచుకొని ఉందా? లోపల అంతా ఒకే తీరుగా ఉందా, మచ్చలు మచ్చలుగా ఉందా? అనుభవమున్న రైతు దోసిట్లో గింజలు పోసుకొని తాలేదో గట్టిదేదో చెప్పినట్టు, కంప్యూటరు సంఖ్యలను పోల్చి చూస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సరు, తల, మెడ క్యాన్సర్లు ఉన్న 1,019 మంది స్కాన్లలో 440 లక్షణాలు కొలిచిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. వాటిలో కొన్ని లక్షణాలకూ, రోగులు ఎంతకాలం జీవించారన్న దానికీ సంబంధం కనిపించింది.

స్వీడన్ దేశంలో 80 వేలమందికి పైగా స్త్రీల రొమ్ము ఎక్స్‌రేలతో జరిగిన అధ్యయన ఫలితాలు 2023లో వచ్చాయి. అక్కడ మామూలుగా ఒక్కొక్క ఎక్స్‌రేను ఇద్దరు డాక్టర్లు చూస్తారు. కంప్యూటరు సాయం తీసుకున్నచోట, దొరికిన క్యాన్సర్లు తగ్గలేదు, డాక్టర్లు చదవవలసిన పని మాత్రం 44 శాతం తగ్గింది.

అయితే కంప్యూటరు కూడా పొరబడుతుంది. చర్మంపై మచ్చల ఫొటోలు చూసి క్యాన్సరో కాదో చెప్పేలా దానికి నేర్పిన స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2018లో ఒక సంగతి రాశారు. ఫొటోలో కొలబద్ద ఉంటే అది క్యాన్సరు అనే వైపు మొగ్గుతోందట! డాక్టర్లు అనుమానమున్న మచ్చల పక్కనే కొలబద్ద పెడతారు కాబట్టి, కంప్యూటరు మచ్చను వదిలి కొలబద్దను పట్టుకుంది. ఏలీయాబు రూపం, ఎత్తు చూసి సమూయేలు తొందరపడిన సంగతి మనకు తెలిసినదే. పైరూపం చూసి తీర్పు చెప్పడం ప్రవక్తకే కుదరలేదు, యంత్రానికి కుదురుతుందా? అందుకే స్కాను తరువాత డాక్టరు చెయ్యి కావాలి. చాలాసార్లు చిన్న ముక్క తీసి పరీక్షించాలి. ముక్క తీస్తే క్యాన్సరు ఒళ్ళంతా పాకుతుందని మన ఊళ్ళలో ఒక మాట ఉంది. సరైన పద్ధతిలో డాక్టరు చేసే పరీక్షలో అలా జరగడం చాలా అరుదు. ఆ మాట విని పరీక్ష మానుకోవడమే అసలు ప్రమాదం.

హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు ఆయన కన్నీళ్ళు చూచి, 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానన్నాడు. అంత వాగ్దానం దొరికిన తరువాత కూడా, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుమీద కట్టమని యెషయా చెప్పాడు. ప్రార్థన విన్న దేవుడే మందు వద్దనలేదు. రాజు కట్టు కట్టించుకున్నాడు. అది అవిశ్వాసమని బైబిలులో ఎక్కడా లేదు.

కాబట్టి సహోదరీ, గడ్డ తగిలితే ఈ వారమే ఇంట్లో చెప్పు. రొమ్ములో వచ్చే గడ్డలలో ఎక్కువ భాగం క్యాన్సరు కావు. ఒకవేళ అయినా, తొందరగా దొరికితే బాగయ్యే అవకాశం ఎక్కువ. సహోదరులారా, భార్య చెప్పినప్పుడు “పంట చేతికి వచ్చాక చూద్దాం” అనకండి. ఖర్చు సంగతి అంటారా, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ పథకాలలో అర్హులైన కుటుంబాలకు క్యాన్సరు చికిత్స ఉంది. కార్డు తీసుకొని వెళ్ళండి.

తోటి కాపరులకు ఒక మనవి. నూనె రాసి ప్రార్థించండి, తప్పక ప్రార్థించండి. ప్రార్థన ముగించి “ఆసుపత్రికి ఎప్పుడు వెళుతున్నావమ్మా?” అని అడగండి. తోడు ఎవరూ లేకపోతే స్త్రీల సమాజం నుండి ఒకరిని పంపండి. గాయపడినవానిని చూచి పక్కగా వెళ్ళిపోయినవారు కూడా దేవాలయపు సేవకులే. మంచి సమరయుడు మాత్రం గాయాలు కట్టి, తన వాహనమెక్కించి, పూటకూళ్ళ ఇంటిదాకా తీసుకువెళ్ళాడు.

ప్రభువు మీ ఇంటిల్లిపాదికీ ఆరోగ్యమును, రోగములో ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.