బుగ్గ ఇంకకముందే పెన్నను కాపాడుకుందాం

తాడిపత్రి పట్టణ ప్రజలకు, పెన్న ఒడ్డు రైతులకు విజ్ఞప్తి



మన బుగ్గ రామలింగేశ్వరుడు నిత్యం నీళ్లలోనే ఉంటాడు. గర్భగుడిలో లింగం దగ్గర బుగ్గ, అంటే ఊట, ఊరుతూనే ఉంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నిలకడ లేకుండా పడే కరువు సీమ మనది. అలాంటి చోట ఊట కనిపిస్తే దాన్నే దేవుడిగా కొలిచారు మన పెద్దలు. విజయనగర కాలంలో, పదిహేనో శతాబ్దం చివర, పెమ్మసాని రామలింగనాయుడు పెన్న ఒడ్డున ఈ గుడి కట్టించాడు.

గోపురాల దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. పైన శిఖరం లేదు, పని మధ్యలోనే ఆగింది. అయినా ఉన్నంత మేర రాతిలో బెత్తెడు జాగా ఖాళీ లేదు. చాలా గుళ్లలో గోపురం కింది భాగాన్ని సాదాగా వదిలేసి, పైన సున్నంతో బొమ్మలు పెడతారు. ఇక్కడి శిల్పులు అడుగు నుంచే ఉలి పట్టారు. 1876లో జేమ్స్ ఫెర్గూసన్ తన భారతీయ వాస్తు చరిత్రలో ఈ గోపురాలను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

ఈ రాతికి చట్టం అండ ఉంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం కూడదు, ఆపై 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. మరి ఊటకు ఏ అండ ఉంది? భూమిలో నీళ్లకు ఆ హద్దులు పట్టవు. ఒడ్డున నీటిమట్టం నిలవాలంటే ఏటి ఇసుకలో వరద ఇంకాలి. ఇసుక మందంగా ఉన్నచోట చేత్తో తోడితే చాలు, ఎండాకాలంలోనూ చెలమలో నీళ్లు తేలతాయి. ఇసుక ఎత్తేసి బండ తేలినచోట వచ్చిన వరద వచ్చినట్టే పోతుంది. 2021 నవంబరులో పెన్న, చిత్రావతి ఎంత ఉధృతంగా పొంగాయో అందరం చూశాం. ఆ నీళ్లను పట్టి ఉంచే ఇసుక మనం మిగుల్చుకోవాలి కదా!

రైతును తప్పుపట్టడానికి ఈ కరపత్రం వేయలేదు. చీనీ తోట కళ్లముందే ఎండిపోతుంటే ఎవరైనా అప్పు చేసి బోరు వేస్తారు. అది ఎండితే ఇంకా లోతుకు ఇంకో బోరు. ఈ పోటీలో ఏ రైతూ గెలవడు. పక్కవాడి బోరూ ఎండుతుంది, చివరకు స్వామి ఊటా ఎండుతుంది.

“స్వామి ఊట ఎప్పటికీ ఎండదు” అనేవాళ్లున్నారు. వాళ్ల భక్తికి నమస్కారం. కానీ దేవుడున్నాడు కదా అని విజయనగర కాలం వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మొదటి బుక్కరాయల కాలంలోనే బుక్కరాయసముద్రం చెరువు కట్టారు. గుడికీ చెరువుకీ సమానంగా చెమటోడ్చారు.

కాబట్టి మేం అడిగేది ఇది. తాడిపత్రి దగ్గర పెన్నలో యంత్రాలతో ఇసుక తీయడం పూర్తిగా ఆపాలి. గుడి చుట్టుపక్కల కొత్త బోర్లకు అనుమతి ఇవ్వకూడదు. అందుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చేతిలోనే ఉంది, అమలు చేయడమే మిగిలింది. బండలు పాలిష్ చేసేచోట వచ్చే బురద ఏట్లోకి చేరకూడదు. ఎగువన జలాశయాల్లో నీళ్లున్న ఏడాది ఒక్కసారైనా పెన్నలోకి వదిలి ఇసుకను తడపాలి. అన్నిటికంటే ముందు, ఊట మట్టాన్ని నెలనెలా కొలిచి ఆ లెక్క గుడి ముందు బోర్డు మీద రాయాలి. దీనికి పెద్దగా ఖర్చు కాదు. ఊట తగ్గుతోందో లేదో అందరికీ తెలిస్తే అడిగే నోళ్లు పెరుగుతాయి.

ఈ శివరాత్రికి దర్శనానికి వచ్చే ప్రతి ఒక్కరూ ఈ కోర్కెలను ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, మీ వార్డు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. పల్లెల వాళ్లు వచ్చే గ్రామసభలో తీర్మానం చేయించండి.