ఫైలూ... ఫ్లాషూ... ఫట్!

సినిమాకి హీరో, విలనూ, కమెడియనూ ఎలాగో ఆఫీసుకీ కొన్ని పాత్రలుంటాయండీ. పదిన్నరకి వచ్చి పదకొండింటికి టీకి లేచే పాత్ర ఒకటి. ప్రింటరు మొరాయిస్తే దాని నెత్తిన రెండు చరిచి "ఇందాక బాగానే పనిచేసిందే!" అని ఆశ్చర్యపడే పాత్ర ఒకటి. ఎవరి ఇంక్రిమెంటు ఏ నెలలో వస్తుందో నోటిలెక్కగా చెప్పేసే పాత్ర మరొకటి. వీళ్ళందరి మధ్యా మెళ్ళో కెమెరా వేలాడేసుకుని తిరిగే అమాయకప్రాణి ఒకడుంటాడు. మా ఆఫీసులో ఆ వేషం నాది.

ఈ వేషం నాకెవరూ ఇవ్వలేదు. వాయిదాల మీద ఒక కెమెరా కొన్నాను, అంతే! ఆ మర్నాటి నించీ ఎవరు రిటైరైనా, ఎవరికి ప్రమోషనొచ్చినా, దసరాకి కంప్యూటర్లకి బొట్లు పెట్టి నిమ్మకాయలు కోసినా (వాటికి కావలసింది బొట్టు కాదు, ఇంకాస్త ర్యామ్ అనుకోండి) "ఏమండోయ్, కెమెరా తెచ్చారా?" అన్న కేకే! పారితోషికం ఒక సమోసా, అరకప్పు టీ. తీసిన ఫొటోల్లో నేను మాత్రం ఉండను. కెమెరామన్ తెరమీద కనబడడు కదా, మీకు తెలియనిదేముంది!

గ్రూపు ఫొటో అనే గండం

ఇరవైమందిని వరసగా నిలబెట్టి ఫొటో తీయడమంటే పౌరాణికంలో యుద్ధం సీను తీసినంత పని. అందరూ నవ్వినప్పుడు ఒకరు కళ్ళు మూస్తారు. ఆయన కళ్ళు తెరిచేసరికి ఈవిడ పైట సర్దుకుంటుంది. దీనికి నేను కనిపెట్టిన మంత్రం ఒకటే. "ఒకటి, రెండు, మూడు" అనగానే ఒక్కటి కాదు, వరసగా అయిదు నొక్కడం. అయిదింట్లో ఒకటైనా అందరి కళ్ళూ తెరిచి ఉంటాయి. సినిమావాళ్ళు రీటేకులు ఊరికే తీస్తారటండీ?

ఫోనుతో తీసే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. ఫోను కటకం వెడల్పు కటకం. మనుషులకి మరీ దగ్గరగా వెళ్ళి తీస్తే వరస చివర నిలబడ్డవాళ్ళు పక్కకి సాగిపోయి, ఉన్నదానికి రెండింతలు కనిపిస్తారు. మా అకౌంట్స్ మేడమ్ ఒకావిడ ఇప్పటికీ చివర నిలబడమంటే కయ్యానికొస్తారు. ఆవిడ తప్పేం లేదు. మనం నాలుగడుగులు వెనక్కి వేస్తే సరి. ఫ్లాషుందన్న ధీమా కూడా వద్దు. కెమెరాలో ఉండే చిన్న ఫ్లాషు మూడు నాలుగు మీటర్లు దాటి పనిచెయ్యదు. ముందు వరస సున్నం కొట్టినట్టూ, వెనక వరస నేపథ్యగాయకుల్లాగా చీకట్లోనూ మిగులుతాయి.

అసలు గుట్టంతా వెలుగులో ఉంది. ఆఫీసు ట్యూబులైటు కింద ఎంత అందగాడైనా వారం రోజుల జ్వరంనించి లేచినట్టే ఉంటాడు. అదే మనిషిని కిటికీ పక్కకి జరిపి, వెలుగు ఒక పక్కనించి పడేట్టు నిలబెట్టండి, హీరో అయిపోతాడు. 1957లో 'మాయాబజార్' తీసినప్పుడు మార్కస్ బార్ట్లే స్టూడియో ఫ్లోరు మీద దీపాలతోనే వెన్నెల కాయించాడు. ఆ పడవ పాట చూసినవాళ్ళు అది నిజం చంద్రుడే అనుకున్నారు. స్టూడియోలో చంద్రుణ్ణి పుట్టించిన పరిశ్రమ మనది. ఆఫీసు కిటికీలోంచి ఊరికే వచ్చిపడే సూర్యుణ్ణి మనం వాడుకోలేమా?

ఇహ ఇంట్లో పెట్టె సంగతి

తీసినవన్నీ దాచేది ఇంట్లో కంప్యూటర్లో. దానికి మా ఆవిడ పెట్టిన పేరు 'సవతి'. ఆదివారం పొద్దున్నే మీట నొక్కానా, తెర వెలగదు, లోపల్నించి "కీక్ కీక్" మని కూత. "ఏమండీ, మీ సవతమ్మగారు మళ్ళీ అలిగారు" అంటుంది వంటింట్లోంచి.

ఈ అలకల్లో రకాలున్నాయి. కూత పెట్టి తెర వెలగకపోతే చాలాసార్లు ర్యామ్ బద్ద సరిగా కూచోకపోవడమే కారణం. సికింద్రాబాదు పార్క్ లేన్‌లో రిపేరు కుర్రాళ్ళు చేసే వైద్యం చూశారా? కరెంటు తీసేసి, బద్ద ఊడదీసి, దాని బంగారు పళ్ళని పెన్సిలు రబ్బరుతో రుద్ది, దులిపి మళ్ళీ బిగిస్తారు. సగం కేసుల్లో రోగి లేచి కూచుంటాడు! గడియారం ఉన్నట్టుండి ఎప్పటిదో పాత తేదీ చూపిస్తోందంటే మదర్‌బోర్డు మీది రూపాయిబిళ్ళంత బ్యాటరీ అయిపోయినట్టు. కొత్తది వేస్తే సరి.

ఇవి కామెడీ ట్రాకు. హారర్ ట్రాకు వేరే ఉంది. పెట్టెలోంచి "టక్... టక్... టక్" మని మేకు కొట్టినట్టు చప్పుడొచ్చిందా, అది హార్డ్ డిస్కు ఆఖరి డైలాగు. దాని లోపల అద్దంలాంటి పళ్ళాలు నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంటాయి. వాటిమీద రాసే ముల్లు పళ్ళేన్ని తాకకుండా, తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఎడం కూడా లేకుండా తేలుతుంటుంది. ఆ ముల్లు దెబ్బతిందంటే మనం మళ్ళీ మళ్ళీ మీట నొక్కిన కొద్దీ ఆ పళ్ళేల్నే గీకేస్తుంది. అందుకని ఆ చప్పుడు వినగానే కరెంటు తీసెయ్యాలి. మన ప్రయోగాలు అక్కడితో బందు.

పొరపాటున కెమెరా కార్డులో ఫొటోలు చెరిపేస్తే మాత్రం కంగారుపడకండి. చెరిపినప్పుడు పోయేది విషయసూచికలో పేరే. బొమ్మ చాలాసార్లు అక్కడే ఉంటుంది. దానిమీద కొత్త బొమ్మ తీయకుండా కార్డు బయటికి తీసి పెడితే, రికవరీ ప్రోగ్రాములతో వెనక్కి రావచ్చు.

తెరమీదే మాయమైన హీరో

పెద్దవాళ్ళకి ఇలాంటివి జరగవనుకుంటున్నారా? మీరంతా చూసిన 'టాయ్ స్టోరీ 2' సంగతి వినండి. 1998లో కాలిఫోర్నియాలోని పిక్సార్ ఆఫీసులో ఎవరో ఒక ఆజ్ఞ టైపు చేశారు. ఫైళ్ళు చెరిపెయ్యమనే ఆజ్ఞ అది. అక్కడివాళ్ళు తెరమీద చూస్తూ ఉండగానే ఉడ్డీ టోపీ పోయింది, బూట్లు పోయాయి, తర్వాత ఉడ్డీయే పోయాడు! పరుగెత్తుకెళ్ళి మిషన్ ప్లగ్గు పీకించేసరికి సినిమాలో సుమారు తొంభై వంతులు మాయం. "ఫరవాలేదు, టేపుల మీద నకలుందిగా" అనుకున్నారు. తీరా చూస్తే ఆ నకలు కొన్నాళ్ళుగా సరిగా ఎక్కడమే లేదు. ఎవరూ తెరిచి చూసుకోలేదు.

అప్పుడు గేలిన్ సుస్మన్ అనే ఆవిడకి గుర్తొచ్చింది. ఆవిడ ఆ సినిమా సాంకేతిక విభాగం పెద్ద. కొత్తగా బిడ్డ పుట్టడంతో ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకుని పనిచేస్తోంది. అందులో సినిమా నకలుంది! కారేసుకుని వెళ్ళారు. ఆ పెట్టెని దుప్పట్లలో చుట్టి, వెనక సీట్లో బెల్టు పెట్టి, పసిపాపని తెచ్చినట్టు తెచ్చారు. సినిమా బతికింది. 1999 నవంబరులో విడుదలైంది. ఇంకో తమాషా! అంత కష్టపడి కాపాడుకున్నాక కథ నచ్చలేదని చాలామటుకు మళ్ళీ తీశారు. సినిమావాళ్ళు ఎక్కడైనా సినిమావాళ్ళే!

అందరికీ అంత అదృష్టం పట్టదు. 1932లో వచ్చిన మన మొదటి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఇవాళ ఎక్కడా దొరకదు. హెచ్.ఎమ్. రెడ్డిగారు తీశారని చదువుకుంటాం. చూద్దామంటే లేదు. ఒక్క నకలు ఎవరింట్లోనైనా అటకమీద ఉండి ఉంటేనా!

పళ్ళెం పట్టుకున్న చెయ్యి

ఇంతవరకూ నవ్వులాటగా చెప్పాను. ఇప్పుడు చెప్పబోయేది నవ్వులాట కాదు.

మా ఆఫీసులో ఒక అటెండరు ఉండేవాడు. అందరం 'పెద్దాయన' అనేవాళ్ళం. 2016లో రిటైరయ్యాడు, ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. ఆ రోజు పాత రిటైర్మెంటు ఫొటోలన్నీ వేసి చూస్తే ఏ ఒక్కదాంట్లోనూ ఆయన మొహం లేదు. పూలదండల పళ్ళెం పట్టుకున్న చెయ్యి ఉంది. సమోసాల ప్లేట్లు అందిస్తున్న వీపు ఉంది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయనకి మిగిలింది ఒక చెయ్యి, ఒక వీపు.

నాకు మనసులో కలుక్కుమంది. ఫంక్షన్‌కి ముందే ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళాను. ఆఫీసరుగారి గది ముందు, బెల్లు కింద, ఆయన కూచునే స్టూలు మీదే కూచోబెట్టి, కిటికీ వెలుగులో ఒక ఫొటో తీశాను. ఇస్త్రీ చొక్కా, చేతులు మోకాళ్ళ మీద, నవ్వీ నవ్వని నవ్వు. నేను తీసిన వేల బొమ్మల్లో బొమ్మంటే అదొక్కటే.

కెమెరా వెనక తెరమీద చూపించాను. చాలాసేపు చూసి ఒకటే అన్నాడు: "మంచిగొచ్చింది సార్. గని గా డబ్బాల ఉంటె నాకేమి కనవడ్తది? కాయిదం మీద తీసియ్యున్రి. నాకొకటి, ఊర్ల మా చెల్లెకొకటి."

తీసిచ్చాను. కార్డు సైజువి రెండు. అసలు ఫైలు ఆఫీసు కంప్యూటర్లో ఒకటి, మా ఇంటి పెట్టెలో ఒకటి పెట్టాను.

2021లో పెద్దాయన పోయాడు. మూడో రోజున వాళ్ళమ్మాయి ఫోను చేసింది. "సార్, దశదినానికి నాయిన ఫొటో పెద్దగ చేయిద్దామనుకుంటున్నం. ఇంట్ల ఉన్నది వానకు తడిసి మొహమే పోయింది. మీ తాన ఉన్నదా సార్?"

ఉన్నదమ్మా అన్నాను. ఆఫీసుకి ఫోను చేస్తే పాత కంప్యూటర్లన్నీ వేలంలో పోయాయన్నారు, వాటితోపాటు ఆ ఫొటోలూ. మా ఇంటి డిస్కు సరిగ్గా ఆ నెలలోనే "టక్ టక్" మనడం మొదలెట్టింది. దుకాణంలో చూపిస్తే ప్రత్యేకమైన గదిలో విప్పాలి, నెల పడుతుంది, వస్తుందన్న హామీ లేదన్నారు. మాకున్నది వారం. ఫోనులో ఎవరో పంపుకున్న నకలు ఒకటి దొరికింది. కాని ఫోనుల్లో చేతులు మారినకొద్దీ బొమ్మ నలిగి చిన్నదైపోతుంది. పెద్దది చేస్తే కళ్ళు రెండు మచ్చలు.

చివరికి జనగామ దగ్గర పల్లెలో ఆ చెల్లెలి ఇంట్లో దొరికింది. అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టుకుంది ఆ ముసలమ్మ. మేనల్లుడు దాన్ని విప్పి, చెట్టునీడన చాప మీద పెట్టి, నేను ఫోనులో చెప్పినట్టు నిట్టనిలువుగా పైనించి నాలుగు ఫొటోలు తీసి పంపాడు. పెద్దది చేయించాం. దశదినం నాడు దండ వేసుకుని, ఈసారి పళ్ళెం పట్టుకోకుండా, పెద్దాయన మధ్యలో కూచున్నాడు.

పీటర్ క్రోగ్ అని ఒక అమెరికా ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది: మూడు నకళ్ళు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి మాత్రం వేరే చోట. కంప్యూటరు సంగతే ఎరగని పెద్దాయన ఆ మూడో నకలుని కాయితం మీద తీయించి ఊరికి పంపించాడు!

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ ఆదివారం మ్యాట్నీకి వెళ్ళేముందు ఒక గంట కేటాయించండి. ముఖ్యమైన ఫొటోలు ఇంకో డిస్కుకి ఎక్కించండి. ఎక్కించి ఊరుకోవద్దు, తెరిచి చూడండి. పిక్సార్ వాళ్ళు దెబ్బతిన్నది అక్కడే. అమ్మానాన్నల పెళ్ళి సీడీ ఉంటే ఇవాళే తిప్పి చూసి నకలు తీయండి. ఆ సీడీల పూత ఏళ్ళు గడిచేకొద్దీ చెడిపోతుంది. కొత్త ల్యాప్‌టాపుల్లో చాలావాటికి సీడీ పెట్టే నోరే లేదు. పది మంచి బొమ్మలు ఏరి కాయితం మీద తీయించండి. ఒక సినిమా టికెట్టు, ఒక పాప్‌కార్న్ డబ్బా ఖర్చుతో అయిపోతుంది.

అన్నట్టు, సినిమాటోగ్రాఫర్ కావాలనుంది, ఏ కెమెరా కొనాలో చెప్పమని ఒక కుర్రాడు జాబు రాశాడు. బాబూ, కొనకు. జేబులో ఉన్న ఫోను చాలు. మీ కాలేజీలో, మీ హాస్టల్లో, మీ నాన్నగారి ఆఫీసులో ఎప్పుడూ ఏ ఫొటోలోనూ లేని మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. వాచ్‌మన్ కావచ్చు, వంటావిడ కావచ్చు. కిటికీ పక్కన కూచోబెట్టి ఒక్క ఫొటో తియ్యి. తీసి ఆ మనిషి చేతిలో పెట్టు. వాళ్ళ మొహం చూశాక కూడా ఇంకా సినిమాటోగ్రాఫర్ కావాలనే అనిపిస్తే మళ్ళీ జాబు రాయి. కెమెరా సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.