విందులో చేప, ఒడ్డున ఊరు

టూరిజం రంగం వాళ్ల డిన్నర్లకి ఒక పద్ధతి ఉంటుంది. ఏడున్నరకని కార్డులో వేస్తారు, ఎనిమిదిన్నరకి మొదలవుతుంది. మెడలో పేరు రాసిన బిళ్ల, చేతిలో గుడ్డసంచి, సంచిలో నిగనిగలాడే బ్రోచరు, ఒక పెన్ను, అరకు కాఫీ పొట్లం. వేదిక మీద ఒకాయన 'అపారమైన అవకాశాలు' అన్న మాట నాలుగైదుసార్లు వాడతాడు. ఆ తర్వాత థింసా నృత్యం. అది సగంలో ఉండగానే జనం ప్లేట్ల వైపు కదులుతారు.

హోటళ్ల వాళ్లు, ట్రావెల్ ఏజెంట్లు, విమాన సంస్థల వాళ్లు, అధికారులు. వీళ్ల మధ్య నలుగురైదుగురు యాత్రా రచయితలు కూడా కనిపిస్తారు. వాళ్లని పిలిపించుకుని ఊరు చూపించడానికి ఈ వ్యాపారంలో 'ఫ్యామ్ ట్రిప్పు' అని పేరుంది. గది ఉచితం, కారు ఉచితం, భోజనం ఉచితం. రాత మాత్రం సొంతం. ఉచితంగా తిన్న చేపలో ముల్లుందని రాయడం ఎంత కష్టమో ఆ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు.

విశాఖపట్నంలో ఇలాంటి విందులకి కొదవలేదు. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. 2023 మార్చి మొదట్లో పెట్టుబడిదారుల సదస్సు, అదే నెలాఖర్న జీ-20 సమావేశం. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా కూడా ఇచ్చింది. కాబట్టి బీచ్ రోడ్డులో బఫే బల్లలు పెరిగేవే గానీ తగ్గేవి కావు.

అలాంటి విందుకి ఒక యాత్రా రచయిత వెళ్లాడనుకుందాం. ఊహే కాబట్టి పేరు అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి వచ్చాడు. మే నెల. పగలంతా కారులో తిప్పారు. 2002లో ఒడ్డెక్కి మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి చూశాడు, కైలాసగిరి ఎక్కాడు, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకున్న రుషికొండ ఇసకలో ఫొటో దిగాడు. రాత్రి విందులో ఎవరెవరు తగుల్తారో అతనికి ముందే తెలుసు. పాతికేళ్లుగా అవే చేతులు కలుపుతున్నాడు మరి.

తెలియంది చేప దగ్గర మొదలైంది. బల్ల మీద ఇంగ్లిషులో 'సీర్ ఫిష్' అని అట్టముక్క పెట్టారు.

"ఇదేం చేపయ్యా?" అనడిగాడు వడ్డిస్తున్న కుర్రాణ్ణి.

"వంజరం సార్. మావైపు కోనెం అంటాం."

"మావైపంటే?"

కుర్రాడు చెయ్యెత్తలేదు, గడ్డంతో అద్దాల కిటికీ వైపు చూపించాడు. "అదిగో సార్, ఆ లైట్లు. పెద జాలరిపేట. మా నాన్న వేటకెళ్తాడు. నేను ఇంటర్ అయ్యాక ఇటొచ్చేశాను."

"అయితే ఇది మీ నాన్న పట్టిన చేపేనేమో!"

కుర్రాడు నవ్వు ఆపుకున్నాడు. "కాదు సార్, ఫ్రీజర్‌ది. ఇప్పుడు వేట బందు కదా."

నిజమే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజనున్న బోటేదీ వేటకి వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇంజను లేని తెప్పలకి మినహాయింపు ఉంది. ఆ రెండు నెలలు కుటుంబం గడవడానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10 వేలు అయింది, 2025లో 20 వేలకి పెరిగింది. సరిగ్గా అవే నెలల్లో బడులకి సెలవులు. ఊళ్లోకి జనం దిగుతారు, హోటళ్లు నిండుతాయి, అందరూ 'ఇక్కడి తాజా చేప' కావాలంటారు. ఆ తాజా చేపని పట్టేవాడు ఒడ్డున కూచుని వల బాగుచేసుకుంటూ ఉంటాడు. బ్రోచరులో ఈ సంగతి ఎక్కడా ఉండదు. ఉంటే తప్పేమిటో తెలీదు. సెలవుల్లో కోనెం తాజాగా దొరకడం కష్టమని చెప్తే, తెలిసినవాడు నవంబరులో మళ్లీ వస్తాడు.

రెండో పరిచయం ఐస్‌క్రీము బల్ల దగ్గర. ప్రాజెక్టు రిపోర్టులు రాసే కన్సల్టెంటు ఒకాయన. సెల్‌ఫోన్‌లో బొమ్మలు చూపించాడు. 'మత్స్యకార గ్రామ అనుభవం' అన్నది పథకం. పర్యాటకుడు పొద్దున్నే వచ్చి వల లాగుతాడు, తాటాకు టోపీ పెట్టుకుని ఫొటో తీసుకుంటాడు, చేపల వేపుడు తిని తొమ్మిదింటికల్లా హోటలుకి వెళ్లిపోతాడు. ఇలాంటి ఆలోచనలు తీరం ఉన్న ప్రతి రాష్ట్రంలోనూ తిరుగుతూనే ఉంటాయి. ఆయన మంచి మనిషే. పేటవాళ్లకి నాలుగు డబ్బులొస్తాయనే ఆయన ఆశ. కానీ ఒడ్డు నుంచి లాగే పెద్ద వలకి పదులకొద్దీ మనుషులు కావాలి. వచ్చిన చేపలో వల యజమానికింత, పడవకింత, తాడు పట్టినవాడికింత అని వాటాలుంటాయి. సరదాకి తాడు పట్టినవాడికి వాటా ఏమిటన్న ప్రశ్న ఆ బొమ్మల్లో లేదు. పేటలో మాత్రం మొట్టమొదట వచ్చేది అదే.

వల అంటే అక్కడ ఫొటో వస్తువు కాదు, తగవు కూడా. 2022 జనవరి మొదటివారంలో పెద జాలరిపేట, వాసవానిపాలెం మత్స్యకారుల మధ్య రింగు వలల గొడవ సముద్రం మీదే రాజుకుంది. బోట్లకి నిప్పు పెట్టుకునేదాకా వెళ్లింది. 144 సెక్షన్ విధించారు. రింగు వల చేపల గుంపుని చుట్టేసి ఒక్కసారిగా ఎత్తేస్తుంది, తీరానికి దగ్గర్లో వేస్తే చిన్న వలలవాళ్లకి ఏమీ మిగలదని ఒకరి వాదన. అప్పు చేసి లక్షలు పోసి కొన్న వల, నిబంధనల ప్రకారమే వేస్తున్నామని మరొకరిది. రెండువైపులా ఉన్నది ఒకే వృత్తి మనుషులు. సముద్రంలో చేప తగ్గితే ఒడ్డున ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే పెద్ద పాఠం అక్కర్లేదు. ఆ తర్వాతి ఏడాది, 2023 నవంబరు 19 రాత్రి, పాత ఊరి వైపు ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి సుమారు 40 మరబోట్లు కాలిపోయాయి. అది వేరే కథ, వేరే కారణం. కానీ బోటు కాలితే ఎన్ని ఇళ్లు చల్లబడతాయో ఈ రెండు సంఘటనల్లోనూ ఊరంతా చూసింది.

మూడో పరిచయం మరీ అనుకోనిది. మూల కుర్చీలో ఒక రిటైర్డ్ ప్రొఫెసరు, పెరుగన్నం కలుపుకుంటున్నాడు. రచయిత జాలరిపేట ప్రస్తావన తేగానే, "దాని మీద ఇంగ్లిషులో పుస్తకాలే ఉన్నాయి, తెలుసా?" అన్నాడు.

ఉన్నాయి. చార్లెస్ నకోల్స్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త విశాఖ జాలరిపేటలో ఉండి, జాలరి కుటుంబాల మధ్య తిరిగి అధ్యయనం చేశాడు. 1996లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆయన పుస్తకాన్ని అచ్చువేసింది. చేపలు పడకపోయినా, ఇంట్లో పిల్లకి జ్వరం తగ్గకపోయినా జాలరి పెద్దలు కారణం ఎలా వెతుకుతారన్నది ఆయన పట్టుకున్న విషయాల్లో ముఖ్యమైంది. అమ్మవారికి మొక్కు బాకీ పడ్డామా? అన్నదమ్ముల మధ్య మాటల్లేకుండా పోయాయా? దాసుణ్ణి పిలిచి అడుగుతారు. పైకి మూఢనమ్మకంలా కనిపించేదాని లోపల బంధుత్వాల లెక్క ఉంటుంది. ఒకే పడవలో వెళ్లాల్సిన అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే సముద్రం మీద ప్రాణాపాయం. అమ్మవారి కోపం పేరుతో ముందు వాళ్లని కూచోబెట్టి కలుపుతారు. అమెరికాలో విద్యార్థులు ఇది చదువుతారు. బ్రోచరు వేసినవాళ్లకి మాత్రం పెద జాలరిపేట అంటే పార్కు దాటాక కాసేపు ముక్కు మూసుకోవలసిన మలుపు.

ముక్కు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. బ్లూ ఫ్లాగ్ రావాలంటే తీరం 33 షరతులు నెగ్గాలి. నీరు శుభ్రంగా ఉండాలి, చెత్త ఉండకూడదు, రక్షకులుండాలి. అన్నీ మంచివే. కానీ ఇసక మీద ఎండుతున్న నెత్తళ్లని ఏ లెక్కలో వెయ్యాలి? చూసేవాడికి అది కంపు, ఎండబెట్టిన ఆడమనిషికి అది వానాకాలం బియ్యం. 'శుభ్రమైన తీరం' అన్న మాట ఒక్కో ఊళ్లో ఒక్కో అర్థంతో అమలవుతుంది. ఆ అర్థాన్ని ఎవరు రాస్తారన్నదే పేటకి పట్టిన బెంగ. ఒడ్డు పోతే పడవ లాగడానికి చోటుండదు, చోటు పోతే వృత్తి పోతుంది. 2019 నాటి తీర నియంత్రణ నిబంధనలు ఇసక మీద తాత్కాలిక పర్యాటక పాకలకి దారి తెరిచాయి. పాక తాత్కాలికమే. దానికోసం ఒకసారి జరిగిన పడవ మళ్లీ వెనక్కి రావడం మాత్రం అంత సులువు కాదు.

విందు అయ్యాక రచయిత గాలికోసం సముద్రం వైపు గేటు దగ్గరికి నడిచాడు. వాచ్‌మన్ ముసలాయన స్టూలు జరిపాడు. చేతుల మీద తాడు ఒరుసుకున్న మచ్చలు. ఒకప్పుడు తెప్ప మీద వెళ్లినవాడే.

"సముద్రం ఇంత దగ్గరుందేం తాతా?"

"దగ్గిరికి ఒచ్చేసినాది బాబూ. ఇసక ఎల్లిపోనాది. మా సిన్నప్పుడు ఎంత ఒడ్డుండేదని!"

ఆ మాటలో శాస్త్రం ఉంది. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తాయి. విశాఖ ఓడరేవు 1933లో తెరుచుకుంది. దాని ముఖద్వారం పూడిపోకుండా జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడల్ని రాళ్లతో నింపి డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ముంచారు. తర్వాత ఔటర్ హార్బరు గోడలు వచ్చాయి. దక్షిణం నుంచి వచ్చే ఇసక అక్కడ ఆగుతుంది, ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచికి, దాని అవతల పేటలకి రావలసింది రాదు. అందుకే రేవు దగ్గర తవ్విన ఇసకని డ్రెడ్జర్లతో తెచ్చి బీచిలో పోయిస్తూ వచ్చారు. ఆ ఇసకని అలలు మళ్లీ తీసుకుపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఒక్కరోజులో ఎంత కోసిందో చూసినవాళ్లు మర్చిపోరు. రేవు వల్లనే ఈ నగరం నగరమైంది, అందులో సందేహం లేదు. 2022 జూన్‌లో విహారనౌక వచ్చినప్పుడూ, 2023 సెప్టెంబరులో క్రూజ్ టెర్మినల్ తెరిచినప్పుడూ ఊరు సంబరపడింది. ఆ ఓడలు దాటివచ్చే గోడల ఖరీదులో కొంత ఈ ముసలాయన ఒడ్డు కట్టింది. ఇది రాసిన బ్రోచరు లేదు.

తెలుగులో యాత్రలు రాసినవాళ్లు అసలు ఇలా విందుల్లో ఊళ్లు చూసినవాళ్లు కారు. 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తిరుగుదారిలో ఉత్తరాంధ్ర మీదుగానే వెళ్లాడు. దారి ఎలా ఉంది, సరుకులు దొరుకుతాయా, బస ఎక్కడ, మనుషులెలాంటివాళ్లు అన్నదే ఆయన రాత. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య ఆదినారాయణ కాళ్లనే నమ్ముకుని తిరిగి 'భ్రమణకాంక్ష' రాశారు. నడిచేవాడికి ఊరు వాసనతో సహా ఎదురవుతుంది. కారు అద్దం ఆ సదుపాయం ఇవ్వదు.

మన రచయిత మర్నాడు కారు రాకముందే లేచాడు. అయిదు గంటలు. పెద జాలరిపేట ఒడ్డున ఫైబర్ పడవలు వరసగా బోర్లా పడుకుని ఉన్నాయి, ఇంజన్లు ఇళ్లలో ఉన్నాయి. వలల గుట్టల మీద కుక్కలు. రెండు తెప్పలు మాత్రం అప్పుడే తిరిగొచ్చాయి. చుట్టూ పదిమంది ఆడవాళ్లు, అప్పటికే బేరం నడుస్తోంది. కెమెరా తియ్యబోయాడు.

"ఏటి బాబూ, కొంటావా? ఒట్టి పొటోయేనా?" అంది ఒకావిడ గంప సర్దుకుంటూ.

సిగ్గుపడి కిలో కవ్వళ్లు కొన్నాడు. సంచి చేతికొచ్చాక తోచింది, హోటల్లో బయటి చేప వండరని. ఆ మాటే పైకన్నాడు.

"ఇటియ్యి. నాను పులుసెట్టి ఉంచుతాను. పది దాటినాక రా. నెత్తురోడుతున్న సేప, పారేస్తావేటి?"

పదిన్నరకి గది ఖాళీ చెయ్యాలి. ఎయిర్‌పోర్టు కారు పదకొండింటికి.