రిపోర్టు సరే... పాదాలు చూశారా?

షుగర్ ఉన్నవాళ్లను పరగడుపున ఎంత, తిన్నాక ఎంత అని అడిగితే టక్కున చెబుతారు. అరికాళ్లు చివరిసారి ఎప్పుడు చూసుకున్నారంటే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. వేలు నల్లబడ్డాక మా ఓపీకి వచ్చేవారి నోట తరచూ వినే మాట ఒకటే: ‘నొప్పి లేదు డాక్టర్‌గారూ, అందుకే పట్టించుకోలేదు’.

నొప్పి తెలియకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం. రక్తంలో గ్లూకోజు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలతోపాటు వాటికి రక్తం అందించే సన్నని నాళాలూ దెబ్బతింటాయి. పొడవాటి నరాలకు ముందు దెబ్బ తగులుతుంది. అందుకే సమస్య కాలివేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. కొందరికి తిమ్మిర్లు, రాత్రిళ్లు అరికాళ్ల మంటలు ఉంటాయి. సగం మంది వరకు ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. మంటలు వాటంతటవే తగ్గాయని సంబరపడేవారిలో కొందరికి పోయింది మంట కాదు, స్పర్శ. ఇక చెప్పులో చేరిన రాయీ తెలియదు, మెట్టె ఒరుసుకుని పడిన పుండూ తెలియదు.

తిమ్మిరి అనగానే ‘నరాల బలహీనత’ అనుకుని మందుల షాపులో బీకాంప్లెక్స్ కొనుక్కోవడం మనకు అలవాటు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బీ12 తగ్గవచ్చు. అది రక్తపరీక్షతో తేల్చుకోవాలి. ఆ లోపం లేనివారు మాత్రలు మింగుతూ కూర్చుంటే కాలం వృథా. మంటలను తగ్గించే మందులున్నాయి కానీ, అవి దెబ్బతిన్న నరాన్ని బాగుచేయవు. షుగర్‌ను అదుపులో ఉంచడం, పాదాన్ని కాపాడుకోవడం... మన చేతిలో ఉన్నవి ఇవే.

పాదాల పరీక్షకు ఖరీదైన స్కాన్లు అక్కర్లేదు. సన్నని నైలాన్ పోగు, ట్యూనింగ్ ఫోర్కు, కొద్ది నిమిషాల సమయం చాలు. టైప్-2 వారికి షుగర్ బయటపడినప్పుడే, టైప్-1 వారికి ఐదేళ్లు నిండాక మొదలుపెట్టి ఏటా చేయాలి. కిక్కిరిసిన ఓపీల్లో తరచూ జారిపోయేది ఈ పరీక్షే. బీపీ చూసే నర్సే పాదాలూ చూసే ఏర్పాటు ప్రతి ఆసుపత్రిలో ఉండాలన్నది నా అభిప్రాయం. అది వచ్చేదాకా మీరే చెప్పులు విప్పి ‘నా కాళ్లు చూడండి’ అని అడగండి. మొహమాటం వద్దు.

ఇంట్లోనూ రోజూ అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగలేని పెద్దవారికి పిల్లలు చూసిపెట్టాలి. ఆనెకాయలను బ్లేడుతో కోయకూడదు, కాపడాలు పెట్టకూడదు. స్పర్శ తగ్గినవారు ఎండకు కాలిన బండల మీద ప్రదక్షిణలు, చెప్పుల్లేకుండా అయ్యప్ప దీక్ష మానుకోవడమే మేలు. కాలికి రక్షణ ఇచ్చుకున్నంత మాత్రాన భక్తి తగ్గదు. పుండు చిన్నదైనా, నొప్పి లేకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.