ధాతువుకు పేరుండాలి



మా అలిపిరి ఇంజనీరింగు పిల్లలు రిస్క్-ఫైవ్ ప్రాసెసరుకు (మద్రాసు ఐఐటీ వారి ‘శక్తి’ అనుసరించేదీ ఆ పద్ధతినే) సొంత కోప్రాసెసరు జోడించి, దాని ఆదేశాన్ని ఊరూ పేరూ లేని 32 బిట్ల అంకెగా ప్రోగ్రాములో రాస్తున్నారు. “పని జరుగుతోంది కదా అయ్యవారూ!” అంటారు. ఈ వాదం నాకు సమ్మతం కాదు.

పాణిని సుమారు 4000 సూత్రాలు ఒకచోట కూర్చాడు. సుమారు 2000 ధాతువుల పట్టిక వేరు. కొత్త ధాతువు వస్తే పట్టికలో చేరుతుంది, సూత్రం చెదరదు. గ్నూ అసెంబ్లరు తీరూ అదే. ఆదేశం పేరు, దాని ఆపరాండ్లు, స్థిరమైన బిట్లు, ఏ బిట్లు సరిచూడాలో చెప్పే మాస్కు: ఇవన్నీ పట్టికలో ఒక వరుస. ఆ వరుస చేర్చితే అసెంబ్లరు తప్పుడు ఆపరాండును నిలదీస్తుంది. డిసెంబ్లరు అదే పట్టిక చూచి పేరు చదివి చెబుతుంది. వట్టి అంకెలో రిజిస్టరు తారుమారైనా అడిగే దిక్కు లేదు.

రిస్క్-ఫైవ్ రూపకర్తలు కస్టమ్-0, కస్టమ్-1 అనే స్థానాలను సొంత ఆదేశాలకే విడిచిపెట్టారు. “అందుకోసం అసెంబ్లరును మళ్ళీ కట్టుకోవాలా?” అని బద్ధకిస్తారా? కనీసం ‘.ఇన్సన్’ నిర్దేశంతో భాగాలు విడదీసి, మాక్రోతో పేరైనా పెట్టండి.

రేపు ఆ ప్రోగ్రామును దిద్దవలసినవాడు మీ తరువాతి తరగతి పిల్లవాడు. వాడికి అంకె కాదు, అర్థం అప్పగించండి. ఏమంటారు?